నిమ్మలకుంట తోలుబొమ్మలాట: బొమ్మ, పాట, బడి

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. దేశీయ పాఠశాలల స్థితిగతులను విచారించి తెలుపవలసిందిగా గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాధికారులను ఆదేశించగా వచ్చిన సమాధానాలలో అది ఒకటి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలు అప్పటికి బళ్లారి జిల్లాలోనివే. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. కనుక ఈ మూడు తాలూకాల విద్యాచరిత్రకు కాంప్‌బెల్ నివేదిక తొలి గణాంకపత్రం వంటిది. దాని ప్రకారం జిల్లా జనాభా 9,27,857. విద్యాస్థానాలు 533. చదువుకొనేవారు 6,641 మంది. అంటే వెయ్యిమందికి ఏడుగురు. కన్నడం బోధించే బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. ఇవికాక బ్రాహ్మణులకే పరిమితమైన సంస్కృత విద్యాస్థానాలు 23. మొత్తం విద్యార్థులలో బాలికలు 60 మంది.

1983లో ధరంపాల్ వెలువరించిన ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ వల్ల ఈ నివేదిక ప్రసిద్ధమైంది. ఆంగ్లేయ పాలనకు ముందున్న విద్యావ్యవస్థ ఎలా కృశించిందో చెప్పడానికి దీనిని తరచుగా ఉదహరిస్తారు. ఆ ఉదాహరణ సమంజసమే. ఐరోపా బట్టల దిగుమతి వల్ల చేతివృత్తులవారి ఆదాయం పడిపోయిందనీ, ఆ పేదరికం బడులను మూయించిందనీ కాంప్‌బెలే ఒప్పుకున్నాడు. మగ్గం మీద బ్రతికే ధర్మవరం వంటి ఊళ్లకు ఈ మాట ఎంత దగ్గరదో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే తెలుగు సాహిత్య విద్యార్థి దృష్టి నిలువవలసిన వాక్యాలు ఈ నివేదికలో మరికొన్ని ఉన్నాయి. కాంప్‌బెల్ ఒట్టి రెవెన్యూ అధికారి కాడు, 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు. బడులలో పిల్లలు వల్లించే రామాయణ భారత భాగవతాలు కావ్యభాషలో ఉన్నాయనీ, ఆ భాష నిత్యవ్యవహారానికి బాగా దూరమనీ, అందువల్ల పిల్లలు పద్యాలను చిలుకల వలె అప్పజెప్పగలరే తప్ప అర్థం ఎరుగరనీ ఆయన ఫిర్యాదు. చాలాచోట్ల అర్థం చెప్పగలిగిన పంతులు కూడా లేడని ఆయన వ్రాశాడు.

ఈ ఫిర్యాదులో వలసపాలకుని తూష్ణీభావం కొంత ఉన్నా, పరిశీలన అబద్ధం కాదు. ఆయన లెక్కవేసింది బడి అనే పేరున్న స్థలాలను మాత్రమే. అదే సీమలో కావ్యభాషను పాడి, వెంటనే వాడుకమాటలో దానిని విప్పి చెప్పే ఒక స్థలం ఊరిబయట, పంటకోతల తరువాత, రాత్రిపూట వెలిసేది. అది తోలుబొమ్మలాట పందిరి. ప్రభుత్వపు విద్యాగణనలో దానికి గడి లేదు.

తెర వెనుక భాష

శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట నేడు ఆంధ్రదేశపు తోలుబొమ్మలకు పర్యాయపదమైంది. 2020లో పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావు ఈ గ్రామంవారే. అక్కడి కళాకుటుంబాల ఇంటిభాష తెలుగు కాదు; ప్రామాణిక మరాఠీకి చాలా దూరం జరిగిన, లిపితో సంబంధం లేని ఒక మరాఠీ మాండలికం. మరాఠీ మాట్లాడేవారిని ‘ఆరె’ అనడం తెలుగువారి పాత వాడుక. తెరమీద మాత్రం రాముడు, రావణుడు, సీత అందరూ తెలుగే పలుకుతారు. ఆ తెలుగు కూడా ఎక్కువభాగం రంగనాథ రామాయణపు ద్విపద.

ఇది నిమ్మలకుంటకే ప్రత్యేకం కాదు. సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళితే తొగలుగొంబె ఆడించే కిళ్లెక్యాతలు ఇంట్లో మరాఠీ, తెరపై కన్నడం మాట్లాడుతారు. తమిళనాట తోల్‌పావైకూత్తు ఆడించేవారు ఇంట్లో మరాఠీ, తెరపై తమిళం. ఎక్కడి ప్రేక్షకుడు ఏ భాషవాడైతే ఆ భాషలో కావ్యాన్ని నేర్చి అప్పజెప్పడం ఈ సమూహాల వృత్తిధర్మంగా కనిపిస్తుంది. 1909లో వెలువడిన ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’లో ఎడ్గర్ థర్‌స్టన్ కిళ్లెక్యాతలను తెలుగు, కన్నడ సీమలలో బొమ్మలు చూపి బ్రతికేవారుగా, మరాఠీ మూలాలు చెప్పుకొనే కులంగా నమోదు చేశాడు. కులాలను వరుసపెట్టి వర్ణించే ఆ గ్రంథ పద్ధతిలో ఆచారాలకు, జీవికకు దక్కిన చోటు వారు పాడే పాఠానికి దక్కలేదు. బొమ్మనూ పాటనూ విడదీసి చూడడం అక్కడే మొదలైందనలేము గాని, ఆ విభజనకు శాస్త్రీయతా ముద్ర పడింది అక్కడే.

ఈ కళ ఆ సమూహంతో పాటు వచ్చిందా, లేక ఇక్కడున్న కళను ఆ సమూహం చేపట్టిందా అన్నది తేలని చర్చ. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో తోలుబొమ్మల ప్రస్తావన ఉన్నందున 13వ శతాబ్ది నాటికే తెలుగుదేశంలో ఈ ఆట ఉన్నదని పరిశోధకులు నిర్ణయించారు. మరాఠీ మాట్లాడేవారు ఈ సీమకు పెద్దయెత్తున రావడం 17, 18 శతాబ్దులలో షాహాజీ బెంగళూరు జాగీరు, గుత్తి మురారిరావు పాలన వంటి రాజకీయ సందర్భాలతో ముడిపడినది. ఈ రెండింటినీ కలిపి చూస్తే, పాత ఆటను కొత్తగా వచ్చినవారు స్వీకరించి నిలబెట్టారన్న ఊహ సహేతుకమే. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రాలను చూపి ఈ బొమ్మల ప్రాచీనతను మరింత వెనుకకు జరపడం కూడా ఉంది. హిందూపురానికి కూతవేటు దూరంలోని ఆ గుడిలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల పోషణలో వెలసిన చిత్రాలకూ తోలుబొమ్మలకూ పోలికలు స్పష్టమే: పక్కకు తిరిగిన ముఖం, ఎదురుగా చూస్తున్నట్లు విప్పారిన పెద్ద కన్ను, ఒంటినిండా నగలు, చీర అంచుల నిండా నకాషీ. కాని పోలిక నుండి వంశవృక్షం గీయడం తొందరపాటు. గోడమీది చిత్రకారుడు తోలుబొమ్మను చూసి గీశాడా, బొమ్మకారుడు గోడను చూసి చెక్కాడా, ఇద్దరూ ఒకే విజయనగర శైలిలో పెరిగారా అన్నది కేవలం రూపసామ్యంతో తేలేది కాదు.

తేలిన విషయం ఒకటుంది. 17,000కు పైబడిన ద్విపదలున్న రంగనాథ రామాయణాన్ని, పండితులు దేశి ఛందస్సని చిన్నచూపు చూసిన కాలంలో కూడా, తెలుగు ఇంటిభాష కాని కుటుంబాలు కంఠస్థం చేసి ఊరూరా తిప్పాయి. ద్విపద పఠనసంప్రదాయ చరిత్రను ప్రతుల చరిత్రగా మాత్రమే వ్రాయడం వల్ల ఈ అధ్యాయం జారిపోయింది.

ఆట నడిచే తీరును విద్యాదృష్టితో గమనించడం అవసరం. రెండు తెల్లటి చీరలో పంచెలో కుట్టి వాలుగా కట్టిన తెర. వెనుక ఒకప్పుడు ఆముదపు దీపాలు, తరువాత పెట్రోమాక్సు, ఇప్పుడు విద్యుద్దీపం. మనిషెత్తుకు దగ్గరగా ఉండే బొమ్మల వెనుక భార్యాభర్తలు, పిల్లలు, అన్నదమ్ములు. మృదంగం, హార్మోనియం, తాళాలు, యుద్ధఘట్టాలలో కాలితో తొక్కి మోగించే చెక్కలు. గాయకుడు ద్విపద ఎత్తుకుంటాడు. అది ముగియగానే అదే సన్నివేశం వచనంలో సంభాషణగా మారుతుంది. ఆపైన కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ప్రవేశించి అదే విషయాన్ని ఊరి మాటలోకి, ఊరి ఎకసెక్కంలోకి దించుతారు. హనుమంతుడు లంక తగులబెట్టిన సంగతి కేతిగాని నోట సీమ యాసలో, కన్నడపు తునకలతో, ఆ ఊరి పెద్దమనుషుల మీద విసుర్లతో మరొకసారి వినబడుతుంది. ఈ హాస్యం బూతుతో నిండి ఉంటుందని నొచ్చుకొన్న సంస్కర్తలు కొందరు, అది ఆటకు ఇరుసు అని గుర్తించిన పరిశోధకులు కొందరు. తోలుబొమ్మలాటపై 1984లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతవ్యాసం సమర్పించిన జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ రెండవ కోవకు చెందినవాడు. ఆటపై విదూషకులకు ఉన్న అధికారాన్ని గురించి ఆయన ప్రత్యేకంగా వ్రాశాడు. తెలుగులో మొదలి నాగభూషణశర్మ, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి వంటివారి కృషి ఈ రంగానికి పునాది.

కావ్యభాష, నాటకీయ వచనం, ఊరి మాండలికం అనే మూడు మెట్లు ఒకే తెరమీద ఒకే రాత్రిలో కనబడడం గమనార్హం. బడిలో లోపించిందని కాంప్‌బెల్ చెప్పిన అర్థవివరణ ఇక్కడ ప్రదర్శన నిర్మాణంలోనే ఇమిడి ఉంది. నాటి ప్రదర్శనల పాఠాలు చేతిలో లేవు గనుక 1823 నాటి ఆట అచ్చంగా నేటి వలెనే ఉండేదని వాదించడం కుదరదు. కాని ద్విపద, వచనం, విదూషకం అనే అమరిక ఆంధ్ర, కర్ణాటక సంప్రదాయాలు రెండింటిలోనూ పోలికగా ఉండడాన్ని బట్టి అది నిన్నమొన్నటి కల్పన కాదని చెప్పవచ్చు. మరొకటి. జిల్లా మొత్తంలో బడికి పోయే ఆడపిల్లలు 60 మంది అన్న సంఖ్యను, ప్రతి మేళంలోనూ స్త్రీపాత్రల మాటా పాటా ఇంటి ఆడవారివే కావడాన్ని పక్కపక్కన ఉంచి చదవాలి. ఇక్కడ విద్య కులవృత్తిగా సంక్రమించినదే, సార్వజనీనం కాదు. అయినా ఆ గీత లోపల ఆడపిల్ల నోటికి ద్విపద దక్కింది.

సరుకుగా మారిన బొమ్మ

పెనుకొండ ఈ సందర్భంలో ఒక విలక్షణమైన ఉదాహరణను అందిస్తుంది. తళ్లికోట యుద్ధం (1565) తరువాత విజయనగర రాజధానిగా మారిన ఆ ఊరి శిథిలాల నడుమ పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యంలోనే ‘పెనుగొండలక్ష్మి’ రచించారు. తరువాత విద్వాన్ పరీక్షకు ఆయన కూర్చొన్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఉన్నదన్నది తెలుగు సాహిత్యలోకానికి చిరపరిచితమైన విశేషం. వలసపాలనలో నడిచిన పరీక్షావ్యవస్థ స్థానిక చరిత్రకు తలుపు తీయలేదని అనడానికి వీలులేదు. తీసింది, అయితే పద్యకావ్యంగా అచ్చయి వచ్చినదానికి. ఆ కొండ చుట్టుపక్కల పల్లెలలో రాత్రంతా వినబడే ద్విపద ఆ తలుపు దాకా రాలేదు. దానిని పాడేవారికి విద్వాన్ పట్టంతో పనిలేదు, పట్టం ఇచ్చేవారికి వారి పాటతో పనిలేదు.

స్వాతంత్ర్యానంతరం ఆదరణ వచ్చింది. హస్తకళల అభివృద్ధి, ఎగుమతి, ఎంపోరియం అనే మాటలతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హస్తకళల సంస్థ దుకాణాలకు ‘లేపాక్షి’ అని పేరు. ఆ దుకాణాలలో నిమ్మలకుంట తోలు దీపపు గొట్టాలుగా, గోడ అలంకారాలుగా, తలుపు తెరలుగా అమ్ముడుపోతున్నది. ఇది కళాకుటుంబాలకు అన్నం పెట్టిన మార్పు. సినిమా వచ్చి పందిరి ముందు జనం పలచబడిన తరువాత, టెలివిజన్ వచ్చి అసలు లేకుండా పోయిన తరువాత, దీపపు గొట్టమే లేకుంటే ఉలి పట్టే చేయి కూడా మిగిలేది కాదు. కనుక దానిని ఈసడించడం పట్నపు పరిశోధకునికి తగని పని.

ఐనా మార్పు స్వభావాన్ని గుర్తించాలి. ఆటబొమ్మకు మెడ, భుజం, మోచేయి, నడుము వద్ద కీళ్లుండాలి. నిలువునా చీల్చిన వెదురుబద్ద నడిమి దన్నుగా ఉండాలి. దీపం వైపు జరిపినకొద్దీ నీడ పెరగడాన్ని లెక్కించి ఒంటిమీద రంధ్రాలు పొడవాలి. పాత్రను బట్టి తోలు మారేది. దేవతా పాత్రలకు జింకతోలు శ్రేష్ఠమనుకొనేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత మేకతోలే గతి అయింది. దీపపు గొట్టం మీది రామునికి కీళ్లు అక్కరలేదు. రాముడు ఏ ఘట్టంలోని వాడో తెలియనక్కరలేదు. తోలు నానబెట్టడం, వెంట్రుక గీకడం, ఆరబెట్టడం, ఉలితో పొడవడం, రంగు వేయడం అనే పనితనమంతా మిగిలింది; ఎవరు ఎప్పుడు ఏమి పలుకుతారన్న జ్ఞానం ఆ పనికి అనవసరమైంది. సుందరకాండ మొత్తం నోటికి వచ్చినవానికీ ఒక్క ద్విపద రానివానికీ గొట్టం ధర ఒకటే.

2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక సూచిక లభించింది. ఆ రక్షణకు ఆధారం 1999 నాటి చట్టం. దాని పేరే వస్తువుల భౌగోళిక సూచికల చట్టం. వస్తువుకు తప్ప వాక్కుకు ఆ చట్టంలో చోటుండదు. ఇది అధికారుల ఉపేక్ష వల్ల జరిగినది కాదు. చట్టం తయారైన తీరే అది. సరుకుగా చూపగలిగిన సగానికి రక్షణ దొరికింది. రెండవ సగం, అంటే విరాటపర్వం ఆడితే వాన పడుతుందని నమ్మి కరువుసీమ రైతు ధాన్యం కొలిచి పిలిపించుకొన్న సగం, ఏ రిజిస్టరులోనూ లేదు. థర్‌స్టన్ గ్రంథంలో బొమ్మకూ పాటకూ నడుమ ఏర్పడిన ఎడం, ఆదరించాలన్న సదుద్దేశంతో చేసిన చట్టంలోనూ పూడలేదు.

మాతృభాష అనే మాట

‘వలస’ అన్న తెలుగు మాటకు రెండు ముఖాలున్నాయి. పొట్టకూటికి ఊరు మారడం వలస. పరాయి పాలన కూడా వలస. వలసభావాల నుండి విముక్తిని గురించి తెలుగులో వ్రాసేవారు రెండవ అర్థాన్ని తీసుకొని మొదటిదాన్ని మరచిపోతుంటారు. నిమ్మలకుంటలో రెండూ ఎదురుపడతాయి. అక్కడ దేశీయమైనదాన్ని నిలిపినవారు వలసవచ్చినవారు.

కెన్యా రచయిత గూగీ వా థియోంగో తెలుగు పాఠకులకు కొత్తవాడు కాడు. ఆయన ‘డెవిల్ ఆన్ ది క్రాస్’ నవల ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగులోకి వచ్చింది. 1977లో కమిరీతు గ్రామంలో రైతుకూలీలతో గికుయు భాషలో నాటకం ఆడించినందుకు ఆయనను ప్రభుత్వం నిర్బంధించింది. 1986 నాటి ‘డీకాలనైజింగ్ ది మైండ్’లో ఆయన ప్రతిపాదన సూటిగా ఉంటుంది: ఇంట్లో, పొలంలో, కథలో ఒకటిగా ఉన్న భాషను వలసబడి విరగగొట్టింది, దానిని తిరిగి ఒకటిగా చేయాలి. ఈ ప్రతిపాదనను ఆంధ్రదేశానికి యథాతథంగా వర్తింపజేసే వ్యాసాలు తక్కువేమీ లేవు. నిమ్మలకుంట దగ్గర అది తడబడుతుంది. అక్కడి పిల్లవానికి ఇంటిభాష ఒకటి, కథాభాష మరొకటి. ఆ రెండూ వేరుగా ఉండడం ఆంగ్లేయుడు చేసిన గాయం కాదు. తరతరాలుగా ఆ కుటుంబం అన్నం తిన్న నేర్పు.

రాజ్యాంగపు 350ఎ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించాలంటుంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడులన్నింటిలో ఒకటి నుండి ఆరవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమాన్ని ఆదేశిస్తూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసింది. అదే ఏడు జులైలో వచ్చిన జాతీయ విద్యావిధానం కనీసం అయిదవ తరగతి వరకు ఇంటిభాషలో బోధన మేలన్నది. ఈ వాదోపవాదాలలో రెండు పక్షాలూ ‘మాతృభాష’ అంటే తెలుగే అనుకొన్నాయి. ఇంగ్లీషు కావాలన్నవారి వాదంలోని సామాజికన్యాయ అంశం తోసివేయదగినది కాదు. పేదల పిల్లలకు ఇంగ్లీషు వద్దనేవారి పిల్లలు ఎక్కడ చదువుతున్నారన్న ప్రశ్నకు సమాధానం దొరకలేదు. కాని నిమ్మలకుంట పిల్లవాని విషయంలో ఈ చర్చ మొత్తం గురి తప్పింది. అతనికి తెలుగు మాధ్యమం మాతృభాషా మాధ్యమం కాదు. అతని మాండలికంలో పాఠ్యపుస్తకం వ్రాయడానికి లిపి లేదు, మరాఠీ ప్రామాణిక పుస్తకం తెచ్చి ఇస్తే అదీ పరభాషే. అయినప్పటికీ అతని తాతకు ఆ మండలంలో పట్టభద్రులకంటె ఎక్కువ తెలుగు కావ్యం నోటికి వచ్చు. ఆ తెలుగు ఎలా వచ్చిందన్నది విద్యాశాస్త్రం అడగవలసిన ప్రశ్న.

వచ్చిన క్రమం దాపరికమేమీ లేనిది. పసివాడు ముందు తాళం పట్టుకొంటాడు. ఆపైన చెక్కలు తొక్కుతాడు, అంటే అర్థం కంటె ముందు లయ. తరువాత చిన్న బొమ్మలు, కోతిమూకలు చేతికి వస్తాయి. వంతపాటలో గొంతు కలుపుతాడు. పాదాంతాలు ముందు పట్టుబడతాయి, పాదం తరువాత. హాస్యపాత్రల మాటలు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. ద్విపదలో ప్రాస, యతి జ్ఞాపకానికి పట్టుకొమ్మలని ఛందశ్శాస్త్ర పాఠంలో చెప్పుకొనేదే ఇక్కడ పనిలో రుజువవుతుంది. పరాయి భాషను ఇంటిభాషను తుడిచివేయకుండా, అవమానించకుండా, ఉన్నత కావ్యస్థాయి దాకా నేర్పిన పద్ధతి ఇది. ఇంగ్లీషు నేర్పడంలో రెండువందల ఏండ్లుగా తెలుగుబడి సాధించలేనిది కూడా ఇదే.

ఈ పద్ధతిని నమోదు చేయగలవారు రాత్రంతా ఆడిన తరంలో మిగిలినవారే. వారి తరువాతి తరానికి తోలుపని వచ్చు, ప్రదర్శనకు పిలుపు వస్తే పదిహేను నిమిషాల ఘట్టం వచ్చు. సాంస్కృతికోత్సవ వేదికలు అడిగేది ఆ పదిహేను నిమిషాలే. అందులో ద్విపద రికార్డు మీద వస్తుంది, కేతిగాడు తగ్గిపోతాడు, బంగారక్క సంస్కరింపబడి వస్తుంది.

తెలుగు శాఖల పాఠ్యప్రణాళికలలో రంగనాథ రామాయణం ప్రాచీన సాహిత్యపత్రంలో ఉంటుంది. తోలుబొమ్మలాట జానపద విజ్ఞానపత్రంలో, ప్రదర్శనకళల శీర్షిక కింద, వీధినాటకానికీ బుర్రకథకూ నడుమ ఉంటుంది. ఒకటి మొదటి సెమిస్టరులో అయితే రెండవది మూడవదానిలో. గ్రంథపాఠానికీ మేళపు పాఠానికీ మధ్య ఎక్కడ చరణాలు చేరాయి, ఎక్కడ జారాయి, మరాఠీ నాలుక మీద తెలుగు యతి ఏ తీరున నిలిచింది అన్న పాఠపరిష్కరణ చేయవలసిన విద్యార్థికి ఈ రెండు పత్రాలూ ఒకేచోట కనబడవు.